మంచు బూడిదగా ఎందుకొస్తుంది: సుపీరియర్ ఒడ్డున ఒకే రంగు శీతాకాలం

మీరు అడిగింది ఇదీ: డిసెంబర్‌లో అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రంలో, డులూత్ నుంచి హైవే 61 మీదుగా వెళ్లి సుపీరియర్ సరస్సు ఉత్తర ఒడ్డున ఫొటోలు తీశారు. మంచు కొన్నిట్లో బూడిదగా, కొన్నిట్లో నీలంగా వచ్చింది. బ్లాక్ అండ్ వైట్‌లోకి మారిస్తే తడిసిన సిమెంటు గోడలా చప్పబడిపోయాయి. జనవరి చివర్లో మళ్లీ వెళ్తున్నారు. దగ్గరున్నవి ఒక క్రాప్ సెన్సర్ (చిన్న సైజు సెన్సర్) కెమెరా, 18–55, 55–250 మి.మీ. లెన్సులు, మామూలు అల్యూమినియం ట్రైపాడ్. ఒకే రంగు ఛాయలతో శీతాకాలపు దృశ్యాలు తీయాలంటే ఏం చేయాలి?

ఆ సామాను చాలండి. కొత్త లెన్సుకు పెట్టే డబ్బుతో రెండు అదనపు బ్యాటరీలు, మంచి చేతి తొడుగులు కొనుక్కోండి. మీ ఫొటోల్లో లోపం ఎడిటింగ్‌ది కూడా కాదు. తెలుపు ఎంత తెల్లగా ఉండాలో షట్టర్ నొక్కక ముందే తేల్చుకోలేదు, అంతే. రంగు తీసేయడం ఈ పనిలో ఆఖరిది, అన్నిటికన్నా తేలికైనది. కష్టమంతా దానికి ముందే ఉంటుంది.

తెలుగులో మంచు అన్న ఒక్క మాటతో ఎన్నో చెప్పేస్తాం. నేలమీద పేరుకున్నదీ మంచే, పైనుంచి రాలుతున్నదీ మంచే, పొద్దున్నే కమ్ముకునేదీ మంచే, కొమ్మలకు ముళ్లలా పట్టేదీ మంచే. కెమెరాకు మాత్రం ఇవన్నీ వేర్వేరు వస్తువులు. నేలమీది మంచుకు పక్కనుంచి వెలుతురు కావాలి. పొగమంచుకు ఎదురు వెలుతురు కావాలి. రాలే మంచుకు వెనకాల నల్లటి తెర కావాలి. ఇవాళ మన ముందున్నది వీటిలో ఏది అన్నదే మొదట చూసుకోవాలి.

ఇక బూడిద రంగు సంగతి. కెమెరాలో వెలుతురును కొలిచే మీటర్‌కు తన ముందున్నది మంచో, అదే ఒడ్డున ఉన్న గూస్‌బెర్రీ జలపాతం దగ్గరి నల్ల బసాల్ట్ రాయో తెలియదు. దేన్ని చూపించినా మధ్యస్థమైన బూడిద రంగుకు తెస్తుంది. ఫ్రేమంతా మంచు నిండితే దాన్ని దాదాపు రెండు స్టాపులు తగ్గించి తీస్తుంది (ఒక స్టాపు తగ్గితే వెలుతురు సగమవుతుంది). ఆ చీకటి ఫొటోను తర్వాత కంప్యూటర్‌లో పైకి లాగితే మంచుతోపాటు నాయిస్ (చుక్కలు చుక్కలుగా వచ్చే గరుకు) కూడా లేస్తుంది. మంచులోని గింజ గింజ మధ్య ఉండే సన్నటి తేడాలు ఆ నాయిస్‌లో కలిసిపోతాయి. మీకు సిమెంటులా కనిపించింది అదే.

అందుకని ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్ వాడాలి, అంటే మీటర్ చెప్పినదానికన్నా ఎన్ని స్టాపులు ఎక్కువ కావాలో కెమెరాకు చెప్పాలి. మబ్బు పట్టిన రోజు ఫ్రేములో మూడింట రెండు వంతులు మంచు ఉంటే ప్లస్ 1.3 దగ్గర మొదలుపెట్టండి. అంతా మంచే అయితే ప్లస్ 2 దాకా వెళ్లవచ్చు. ఎండ పక్కనుంచి పడుతున్నప్పుడు ప్లస్ 1 చాలు, ఎందుకంటే ఎండ తగిలిన అంచులు ముందే కాలిపోతాయి, అంటే వివరం లేని ఉత్త తెలుపవుతాయి. ఇవి మొదటి షాట్‌కు మాత్రమే. రెండో షాట్ నుంచి హిస్టోగ్రామ్ (ఫొటోలో ఏ టోన్ ఎంత ఉందో చూపే గ్రాఫ్) చూసి నడవాలి.

ఇంకా కచ్చితంగా కావాలంటే ఫ్రేములో ఒక చిన్న చోటునే కొలిచే స్పాట్ మీటరింగ్ పెట్టండి. గింజ కనిపించాలనుకున్న మంచులో బాగా వెలుతురున్న చోటు వెతికి, దానిమీద కొలిచి, ఆ కొలతకు రెండు స్టాపులు కలపండి. ఇది కొత్త కిటుకేమీ కాదు. 1940 ప్రాంతంలో లాస్ ఏంజెలిస్‌లోని ఆర్ట్ సెంటర్ స్కూల్లో ఫొటోగ్రాఫర్లు ఆన్సెల్ ఆడమ్స్, ఫ్రెడ్ ఆర్చర్ కలిసి రూపొందించిన జోన్ సిస్టమ్ సారమే ఇది. అందులో మధ్య బూడిద ఐదో జోన్. వివరం పూర్తిగా నిలిచే తెలుపు ఏడో జోన్, వివరం చివరంటా పలచబడిన తెలుపు ఎనిమిదో జోన్. మంచును ఏడుకీ ఎనిమిదికీ మధ్య కూర్చోబెడితే కాగితం మీద కూడా అది మంచులాగే ఉంటుంది. ఎనిమిది దాటితే ఉత్త కాగితమే మిగులుతుంది.

హిస్టోగ్రామ్ దగ్గర ఒక ఉచ్చు ఉంది. చాలామంది కెమెరాలో పిక్చర్ స్టైల్‌ను మోనోక్రోమ్‌లో పెట్టుకుని తీస్తారు. మంచి అలవాటే, స్క్రీన్ మీద రంగులు దృష్టి మళ్లించవు, సెన్సర్ పట్టినదాన్ని మార్చకుండా దాచే రా ఫైల్లో రంగులన్నీ ఎలాగూ భద్రంగా ఉంటాయి. అయితే కెమెరా చూపించే హిస్టోగ్రామ్ రా ఫైల్‌ది కాదు, లోపల తయారయ్యే జేపెగ్‌ది. ఆ జేపెగ్ మోనోక్రోమ్ అయినప్పుడు ఎరుపు, ఆకుపచ్చ, నీలం మూడు చానళ్లూ ఒకేలా కనిపిస్తాయి. నీడలోని మంచులో నీలం చానల్, ఉదయపు ఎండ పడ్డ మంచులో ఎరుపు చానల్ ఒంటరిగా కాలిపోయినా మీకు తెలియదు. కాబట్టి ప్రతి కొత్త చోటా మొదటి షాట్ రంగుల స్టైల్‌లో తీసి, మూడు చానళ్లూ చూసి, ఆ తర్వాత మోనోక్రోమ్‌కు మారండి. ఏ స్టైల్లోనైనా కాంట్రాస్ట్‌ను అన్నిటికన్నా కిందకు దించితే ప్రివ్యూ రా ఫైల్‌కు కాస్త దగ్గరగా వస్తుంది. సూర్యబింబం, ఐసు మీది చిన్న మెరుపులు కాలిపోతే పట్టించుకోకండి. వాటిని కాపాడబోతే మిగతా ఫొటో అంతా చీకటవుతుంది.

నీలం ఎందుకొస్తుందంటే, నీడలోని మంచుకు ఎండ అందదు, ఆకాశపు వెలుతురే దిక్కు. ఆ వెలుతురు కలర్ టెంపరేచర్ (వెలుతురు రంగు కొలత, అంకె పెరిగేకొద్దీ నీలం) 7,500 కెల్విన్ పైనే ఉంటుంది. కెమెరా వైట్ బ్యాలెన్స్ (ఏ వెలుతురును తెలుపుగా తీసుకోవాలో చెప్పే సెట్టింగ్) డేలైట్‌లో, అంటే 5,200 చుట్టూ ఉంటే ఆ నీలం ఉన్నదున్నట్టు వస్తుంది. అది తప్పేమీ కాదు. ఒకే రంగు అంటే నలుపు-తెలుపే కానక్కర్లేదు. రంగు ఫొటోగానే ఉంచి, మొత్తం దృశ్యాన్ని ఒకే నీలపు ఛాయల్లో నడపవచ్చు. అలా కావాలనుకుంటే సూర్యోదయానికి ముందు వైట్ బ్యాలెన్స్‌ను చేత్తో 4,200–4,500కు దించండి. ఆటోలో ఉంచితే మాత్రం కెమెరా ప్రతి షాట్‌లోనూ ఆ నీలాన్ని తుడిచేయడానికి చూస్తుంది. ఒక ఫొటో నీలం, పక్కది బూడిద, ఇంకోటి కాస్త ఊదా అయ్యి, సెట్ అంతా చెదిరిపోతుంది. సరిగ్గా నలుపు-తెలుపే లక్ష్యమైతే ఏ కెల్విన్‌లో తీసినా ఫరవాలేదు. ఎడిటింగ్‌లో దాన్ని ఎలా వాడుకోవాలో కింద చెబుతాను.

మీరు ఎంచుకున్న ఒడ్డుకు ఒక గొప్ప సౌకర్యం ఉంది, చాలామంది గమనించరు. ఆ తీరం నైరుతి నుంచి ఈశాన్యానికి సాగుతుంది, నీళ్లు ఆగ్నేయాన ఉంటాయి. శీతాకాలంలో సూర్యుడు ఉదయించేది ఆ ఆగ్నేయం వైపే. అంటే ఒడ్డున నిలబడి సరస్సు వైపు తిరిగితే పొద్దుటి వెలుతురంతా ఎదురుగా వస్తుంది. తీరం వెంట తిరిగితే పక్కనుంచి వస్తుంది. పైగా అక్కడి సూర్యుడు పైకి లేవడు. జనవరి చివర్లో హైదరాబాద్‌లో మధ్యాహ్నానికి సూర్యుడు 54 డిగ్రీల ఎత్తుకు వస్తే, ఆ తీరాన 25 డిగ్రీలు కూడా దాటడు. మన ఊళ్లో సాయంత్రం నాలుగింటికి పడే వాలు వెలుతురు అక్కడ పట్టపగలే దొరుకుతుంది. సూర్యోదయానికి ముందు నీలి వెలుతురు కూడా హైదరాబాద్‌లో 23 నిమిషాల చుట్టూ ఉంటే, అక్కడ అరగంట దాటుతుంది. సూర్యోదయం ఏడున్నర దాటాకే కాబట్టి ఆరున్నరకల్లా ట్రైపాడ్ నిలబెడితే సరిపోతుంది.

స్ప్లిట్ రాక్ లైట్‌హౌస్ తీయాలంటే ఉదయమే వెళ్లండి. 1910లో వెలిగిన ఆ దీపస్తంభాన్ని దానికి నైరుతిన ఉన్న ఒడ్డు మీంచి, ఈశాన్యం వైపు చూస్తూ తీస్తారు. పొద్దున్న ఎండ కుడివైపు నుంచి పడి కొండ అంచును, స్తంభపు పలకలను విడదీస్తుంది. మధ్యాహ్నం తర్వాత సూర్యుడు మీ వీపు వెనక్కు వస్తాడు, కొండ అట్టముక్కలా చదునవుతుంది. రంగులో చూసినప్పుడు ఆ చదునుదనాన్ని ఆకాశపు నీలం కొంత కప్పిపెడుతుంది. నలుపు-తెలుపులో ఆ ఆసరా ఉండదు.

నిజంగా చలి విరుచుకుపడ్డ రోజు, మైనస్ 20 సెల్సియస్ దాటి గాలి చల్లబడ్డప్పుడు, ఇంకా గడ్డకట్టని సరస్సు మీంచి ఆవిరి పొగలా లేస్తుంది. అక్కడివాళ్లు దాన్ని సీ స్మోక్ అంటారు. ఉత్తర ఒడ్డున ఒకే రంగు దృశ్యానికి ఇంతకన్నా మంచి వస్తువు లేదని నా అభిప్రాయం. వెలుతురు ఎదురుగా ఉండటంతో పొగ వెలుగుతుంది, దాని ముందున్న రాళ్లు, చెట్లు నల్లటి ఆకారాలవుతాయి. 55–250 లెన్సు బయటకు తీయండి. 150 నుంచి 250 మధ్య తీస్తే పొగ పొరలు ఒకదాని మీద ఒకటి దగ్గరగా పడతాయి. 18 దగ్గర తీస్తే అదే పొగ దూరాన సన్నటి గీతగా మిగులుతుంది. పొగ కదులుతుంటుంది కనుక షట్టర్ వేగం 1/250 సెకను కన్నా నెమ్మదిగా పెట్టకండి, దాని చుట్టలు చెదిరిపోతాయి. ఇక్కడ కాంపెన్సేషన్ ప్లస్ 0.7 చాలు.

లంబసింగిలోనో అరకులోనో తీసేవారికి కూడా ఈ పద్ధతి నేరుగా పనికొస్తుంది. అక్కడ నేలమీద మంచు పేరుకోదు, ఉన్నదంతా పొగమంచే. కాఫీ తోటల్లోని సిల్వర్ ఓక్ మానులు నిటారుగా, దగ్గర దగ్గరగా ఉంటాయి. దగ్గరి మాను నల్లగా, దాని వెనకది బూడిదగా, ఆ వెనకది దాదాపు తెల్లగా కనిపిస్తుంది. ఎక్స్‌పోజర్ ప్లస్ 0.7 నుంచి ప్లస్ 1. ఎండ ముదిరితే పొగ తేలిపోతుంది కాబట్టి తెల్లవారక ముందే చోటు చూసుకుని నిలబడాలి. మిన్నెసోటా వెళ్లే ముందు చేతికి అలవాటు కావాలంటే ఇంతకు మించిన చోటు లేదు.

ఫ్రేములో ఏముండాలన్న దగ్గర చాలామంది తప్పటడుగు వేస్తారు. రంగు లేనప్పుడు ఒక వస్తువును ఇంకో వస్తువునుంచి విడదీసేది టోన్ ఒక్కటే. బర్చ్ చెట్టు తెల్ల బెరడు ఎంత అందంగా ఉన్నా, వెనకాల తెల్ల మంచు ఉంటే ఆ చెట్టు మాయమవుతుంది. అదే చెట్టు వెనక్కు స్ప్రూస్ గుంపు వచ్చేలా రెండడుగులు పక్కకు జరిగితే మాను వెలుగుతుంది. కాబట్టి అందమైన వస్తువు దొరగ్గానే కెమెరా ఎత్తకుండా, దాని వెనకాల ఏ టోన్ ఉందో చూడండి. తెల్లదాని వెనక నల్లది, నల్లదాని వెనక తెల్లది. కళ్లను సగం మూసి చూస్తే రంగు, వివరం తగ్గి టోన్ ముద్దలు మాత్రమే కనిపిస్తాయి. వేరే యాప్ ఏదీ అక్కర్లేదు.

ఖాళీకి భయపడకండి. మబ్బు రోజున ఆకాశమూ తెలుపే, నేలా తెలుపే, మధ్యన దిగంతం కనిపించదు. అప్పుడు ఒకే ఒక్క నల్లటి ఆకారం చాలు: కంచె గుంజల వరస, ఒంటరి చెట్టు, ఐసులోంచి తల బయటపెట్టిన రాయి. అది ఫ్రేములో పదో వంతు ఉన్నా ఎక్కువే. రెండోది చేర్చాలనిపిస్తే అది మొదటిదానితో పోటీ పడుతుందా అని చూసుకోండి. ముఖ్యంగా ఫ్రేము అంచుల్లో దూరే పుల్లలు, గడ్డిపరకలు. రంగు ఫొటోలో వాటిని కన్ను దాటేస్తుంది. తెల్లటి ఖాళీ మీద మాత్రం గోధుమరంగు గడ్డిపరక కూడా సిరా మరకలా కనిపిస్తుంది. నాలుగు అంచులూ ఒక చుట్టు చుట్టి చూశాకే నొక్కండి.

అడుగుల గుర్తులు ఇంకో బెడద. తాజా మంచులో ఒకసారి నడిచారంటే ఆ చోటు మీకూ, మీ తర్వాత వచ్చేవారికీ పోయినట్టే. దూరంగా ఆగి ఫ్రేము తేల్చుకోండి, ఎడంగా చుట్టూ తిరిగి వెళ్లండి. దూరపు షాట్ ముందు తీసి, తర్వాతే దగ్గరికి నడవండి. 18 మి.మీ. దగ్గర తీసేటప్పుడు ముందుభాగంలో ఏదో ఉండాలి. గాలి చెక్కిన అలల గీతలు దొరికితే అంతకన్నా మంచిది లేదు, కానీ అవి పక్క వెలుతురులోనే కనిపిస్తాయి. మబ్బు రోజున వైడ్ లెన్సు లోపలే పెట్టండి.

ఫోకస్ విషయంలో, ఉత్త తెలుపు మీద ఆటోఫోకస్ ముందుకూ వెనక్కూ తడుముకుంటుంది, రాలే మంచులో దగ్గరి పలుకులను పట్టుకుంటుంది. నల్లటి అంచు ఒకటి చూసి దానిమీద ఫోకస్ చేసి, మాన్యువల్‌కు మార్చేయండి. మీ క్రాప్ కెమెరాలో 18 మి.మీ., లెన్సు రంధ్రం (అపర్చర్) ఎఫ్8 దగ్గర రెండు మీటర్లకు కాస్త పైన ఫోకస్ పెడితే మీటరు చిల్లర నుంచి అనంతం దాకా స్పష్టంగా వస్తుంది. ఎఫ్11 దాటకండి. దాటితే డిఫ్రాక్షన్ (చిన్న రంధ్రం గుండా వచ్చే వెలుతురు చెదరడం) వల్ల మంచు గింజ మెత్తబడుతుంది, సెన్సర్ మీది ధూళి తెల్లటి ఆకాశంలో చుక్కలు చుక్కలుగా బయటపడుతుంది. బయల్దేరే ముందే తెల్ల గోడను ఎఫ్16లో తీసి చూసుకుని సెన్సర్ శుభ్రం చేయించుకోండి.

మంచు రాలుతున్నప్పుడు షట్టర్ వేగమే బొమ్మను మారుస్తుంది. 1/250 పైన పలుకులు చుక్కలుగా ఆగుతాయి. 1/60 నుంచి 1/15 మధ్య గీతలవుతాయి. సెకను దాటితే పలుకులు పూర్తిగా మాయమై దూరం మసకబారుతుంది, అది కూడా ఒక్కోసారి కావలసిందే. వెనకాల నల్లటి చెట్లు లేకపోతే మాత్రం ఏ వేగంలోనూ పలుకులు కనిపించవు. ఫ్లాష్ పొరపాటున వెలగకుండా చూడండి, దగ్గరి పలుకులు పెద్ద తెల్ల బంతుల్లా వస్తాయి.

సరస్సు నీటిని పాలలా చేయాలనుకుంటే పది స్టాపుల ఎన్‌డీ ఫిల్టర్ కావాలి. వెలుతురును దాదాపు వెయ్యో వంతుకు తగ్గిస్తుంది, కాబట్టి ఫిల్టర్ లేకుండా 1/30 ఉన్నది ఫిల్టర్‌తో 33 సెకన్లవుతుంది. ఫ్రేము, ఫోకస్ ముందు కుదుర్చుకుని, మాన్యువల్‌కు మార్చి, ఆ తర్వాతే ఫిల్టర్ బిగించాలి. డీఎస్‌ఎల్‌ఆర్ అయితే వ్యూఫైండర్‌ను మూయండి, లేకపోతే వెనకనుంచి వెలుతురు దూరి ఫొటో మధ్యలో చార పడుతుంది. ఒడ్డున అలల తుంపర ఫిల్టర్ మీద పడి క్షణంలో గడ్డకడుతుంది. దాన్ని గుడ్డతో రుద్దితే ఇంకా అలుముకుంటుంది. లోపలి జేబులో పెట్టుకున్న ఇంకో ఫిల్టర్‌కు మారడం మేలు. లెన్సు మీద మంచు పడితే నోటితో ఊదకండి, ఊపిరిలోని తేమ అక్కడే పొరలా గడ్డకడుతుంది. రబ్బరు బ్లోవర్ వాడండి.

పోలరైజర్ (లెన్సుకు బిగించి తిప్పే ఒక ఫిల్టర్) గురించి అడగలేదు కానీ చెబుతాను. సూర్యుడికి 90 డిగ్రీల దిశలో ఆకాశాన్ని బాగా ముదురు చేస్తుంది. 18 మి.మీ. దగ్గర ఆకాశం ఒక మూల ముదురుగా, మరో మూల లేతగా వచ్చి మరకలా కనిపిస్తుంది, నలుపు-తెలుపులో అది ఇంకా ఎక్కువ. మంచు మీది మెరుపును కూడా అది చంపేస్తుంది. ఈ పనికి దాన్ని సంచిలోనే ఉంచడం మంచిది.

చలిలో సామాను. లిథియం-అయాన్ బ్యాటరీ మైనస్ 20 దగ్గర సగం పనికి పడిపోవచ్చు. మూడు బ్యాటరీలు ఉంచుకుని, రెండు చొక్కా లోపలి జేబులో ఒంటికి తగిలేలా పెట్టుకోండి. కెమెరాలోది ఆగిపోతే పారేయనక్కర్లేదు, వేడెక్కాక మళ్లీ కొంతసేపు పనిచేస్తుంది. అల్యూమినియం ట్రైపాడ్ కాళ్లకు పైపుల మీద తొడిగే ఫోమ్ చుట్టండి, ఉత్త చేత్తో ఆ లోహాన్ని పట్టుకోకూడదు. మెత్తటి మంచులో కాళ్లను ముందు సగమే విప్పి నేలకు గుచ్చి, తర్వాత కిందికి నొక్కండి. పూర్తిగా విప్పి నొక్కితే కాళ్లు పక్కలకు జరిగి కీలు విరుగుతుంది. కాళ్ల బిగింపుల్లో మంచు ఇరుక్కుంటే కారు హీటర్ దగ్గర పెట్టినప్పుడు కరిగి, బయటకు రాగానే మళ్లీ గడ్డకట్టి బిగుసుకుపోతుంది. ఎక్కించే ముందే దులపండి.

ఎక్కువ కెమెరాలు పాడయ్యేది చలిలో కాదు, వెచ్చటి గదిలోకి తెచ్చినప్పుడు. గదిలోని తేమ చల్లటి కెమెరా మీద, లోపలి అద్దాల మీద నీటి పొరలా పడుతుంది. బయట ఉండగానే మెమరీ కార్డు తీసేసుకుని, కెమెరాను పెద్ద జిప్‌లాక్ సంచిలో పెట్టి గాలి పిండేసి మూసెయ్యండి. లోపలికి వచ్చాక రెండు గంటలు ఆ సంచి తెరవకూడదు. తేమ సంచి మీద పడుతుంది, కెమెరా మీద పడదు. కార్డు ముందే తీసుకున్నారు కాబట్టి సంచి విప్పాలన్న తొందరా ఉండదు.

మీ ఒంటి సంగతి కూడా. గాలి ఉష్ణోగ్రత మైనస్ 18, గాలి వేగం గంటకు 24 కి.మీ. ఉంటే బయట ఉన్న చర్మం 30 నిమిషాల్లో చలికి దెబ్బతింటుందని అమెరికా వాతావరణ శాఖ పట్టిక చెబుతుంది. సన్నటి లోపలి తొడుగు, దాని మీద దళసరి మిట్టెన్ వేసుకోండి. బటన్లు నొక్కేటప్పుడు మిట్టెన్ మాత్రమే తీయాలి. ఐసు మీదకు వెళ్లడం గురించి మిన్నెసోటా సహజ వనరుల శాఖ చెప్పేది గుర్తుంచుకోండి: మనిషి నడవడానికి కనీసం 4 అంగుళాల స్వచ్ఛమైన, కొత్త ఐసు కావాలి, తెల్లగా పాలిపోయిన ఐసుకు దానికి రెట్టింపు. ఇది లోపలి చిన్న చెరువుల మాట. సుపీరియర్ మీది ఐసును గాలి ఒక్క గంటలో చీల్చి లోపలికి తీసుకుపోగలదు. ఒడ్డున నీళ్ల మీదకు అరుగులా పెరిగిన ఐసు కింద ఏమీ ఉండకపోవచ్చు. ఎంత మంచి ఫ్రేము కనిపించినా దానిమీద అడుగు పెట్టకండి. ఆ అవసరం లేకుండా చేయడానికే మీ దగ్గర 250 మి.మీ. ఉంది.

ఇప్పుడు ఎడిటింగ్. ముందు రంగులోనే ఉంచి ఎక్స్‌పోజర్ సరిచేయండి. ప్లస్‌లో తీశారు కాబట్టి కొంచెం దించాల్సి రావచ్చు, దించితే నాయిస్ రాదు. తర్వాత బ్లాక్ అండ్ వైట్‌కు మార్చి, మౌస్‌ను మంచు మీద ఉంచి అంకెలు చూడండి. వెలుతురు పడ్డ మంచు 90 నుంచి 95 శాతం, నీడలోని మంచు 60 నుంచి 75, మీ నల్లటి ఆకారం 5 నుంచి 10. ఈ మూడు అంకెలు కుదిరితే బొమ్మ కుదిరినట్టే. మీ పాత ఫొటోల్లో కొలిచి చూడండి, మంచు 60 దగ్గర, చెట్టు 30 దగ్గర ఉంటాయి. చప్పదనమంటే ఈ రెండూ దగ్గర పడటమే.

మంచు గింజ కావాలంటే నీలం స్లైడర్‌ను మైనస్ 15 నుంచి మైనస్ 30కి దించండి. మంచు నీడలు నీలం కాబట్టి అవి మాత్రమే ముదురై, ఎండ తగిలిన అంచులు అలాగే నిలుస్తాయి. ఫిల్ము రోజుల్లో ఎర్ర ఫిల్టర్ చేసింది ఈ పనే. మైనస్ 50 దాటితే ఆకాశంలో నాయిస్, చెట్ల కొమ్మల చుట్టూ తెల్లటి అంచు వస్తాయి. పొగమంచు ఫొటోకు దీనికి విరుద్ధం: నీలం స్లైడర్‌ను పెంచాలి, దూరపు పొరలు ఇంకా తేలికవుతాయి. లైట్‌హౌస్ లేత పసుపు ఇటుక మంచుకన్నా మరీ ముదురుగా వస్తే పసుపు, నారింజ స్లైడర్లు కాస్త లేపండి. వైట్ బ్యాలెన్స్ ఉపయోగం ఇక్కడే: నలుపు-తెలుపులోకి మార్చాక కూడా కెల్విన్ స్లైడర్ అటూ ఇటూ జరిపితే అన్ని టోన్లూ కలిసి మృదువుగా మారతాయి. ఒక్కో రంగును విడిగా లాగడంకన్నా ముందు దీన్ని ప్రయత్నించండి, అంచులు చెడవు. డార్క్‌టేబుల్ అనే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ వాడేవారికి కలర్ కాలిబ్రేషన్ మాడ్యూల్‌లోని గ్రే ట్యాబ్ రంగుల స్లైడర్ల పని చేస్తుంది, ఆ సాఫ్ట్‌వేర్ ఉచితం కూడా.

క్లారిటీ స్లైడర్ జోలికి వెళ్లకండి. మంచు మీద అది వేస్తే గింజ రాదు, మురికి వస్తుంది, ఎందుకంటే లేత టోన్ల మధ్యలోకి బూడిదను తోస్తుంది. దానికి బదులు టోన్ కర్వ్‌లో పై పావు భాగం మాత్రమే ముట్టుకోండి: 75 శాతం దగ్గర ఒక చుక్క పెట్టి కొంచెం కిందికి, 92 దగ్గర ఇంకోటి పెట్టి ఉన్నచోటే ఉంచండి. మంచు లోపలి తేడా పెరుగుతుంది. పొగ ఉన్న ఫొటోలో, మసకను తుడిచే డీహేజ్ స్లైడర్‌ను ప్లస్‌కు జరపకూడదు, అది తీసేసేది మీరు చలిలో నిలబడి పట్టుకొచ్చిన దాన్నే.

తెల్లటి ఆకాశంలో మెట్లు మెట్లుగా చారలు కనిపిస్తే ఫైల్ 8 బిట్‌లో ఉండి ఉండవచ్చు. 16 బిట్ టిఫ్‌లో పని చేసి, చివర్లో కొంచెం గ్రెయిన్ కలపండి, చారలు విరిగిపోతాయి. కాస్త చల్లదనం కావాలంటే నీడలకు మాత్రం హ్యూ (రంగు) 215 చుట్టూ, అంటే నీలం, శాచురేషన్ 4 నుంచి 8 ఇవ్వండి. హైలైట్లకు రంగు వేస్తే మంచు పాతబడిన కాగితంలా కనిపిస్తుంది. స్క్రీన్ వెలుతురు మరీ ఎక్కువగా పెట్టుకుని ఎడిట్ చేస్తే ప్రింటు చీకటిగా వస్తుంది, చదరపు మీటరుకు 80 నుంచి 120 క్యాండెలాల మధ్య ఉంచండి.

ప్రింటుకు మ్యాట్ కాటన్ కాగితం మంచుకు బాగా నప్పుతుంది, నలుపు మాత్రం నిగనిగలాడే కాగితమంత లోతుగా రాదు. అందుకే నల్లటి ఆకారాన్ని 5 శాతం దగ్గర ఆపమన్నాను, ఇంకా దించితే కొమ్మలన్నీ ఒకే ముద్దవుతాయి. తెల్ల ఆకాశం ఫ్రేము అంచుదాకా ఉన్న ఫొటోలో బొమ్మ ఎక్కడ ముగిసిందో, కాగితం అంచు ఎక్కడ మొదలైందో తెలియదు. ఆకాశం 96 శాతం దాటకుండా చూసుకుని, చుట్టూ వెంట్రుకవాసి బూడిద గీత ఒకటి గీయించండి. ముందు చిన్న సైజులో ఒక టెస్ట్ ప్రింటు తీసి, రాత్రి ట్యూబులైటు కింద కాకుండా పగటిపూట కిటికీ పక్కన పెట్టి చూశాకే పెద్దది వేయించండి.